రాకాసి గుళ్ళ దగ్గర వనభోజనం

పెళ్ళయ్యాక మీవారు నిన్ను మొట్టమొదట ఎక్కడికి తీసుకెళ్ళారని ఎవరైనా అడిగితే నేను కొంచెం ఆగి జవాబు చెప్తాను. మా అక్కని మా బావగారు అన్నవరం తీసుకెళ్ళారు. నాతో చదువుకున్న అమ్మాయిని వాళ్ళాయన రాజమండ్రిలో సినిమాకి తీసుకెళ్ళి, ఇంటర్వెల్లో ఐస్‌క్రీమ్ కూడా కొనిపెట్టాడట. మావారు నన్ను పోలవరం అవతల అడవిలో రాళ్ళు చూపించడానికి తీసుకెళ్ళారు. అదీ అత్తగారిని వెంటబెట్టుకుని.

తొంభైల చివర్లో మాట. మాది నరసాపురం దగ్గర పల్లె. ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు, కాలవలు. నేల ఎంత తవ్వినా మట్టే వస్తుంది. మా ఊళ్ళో రాయంటే రుబ్బురోలు, బట్టలుతికే బండ, రైలు పట్టాల కింద కంకర. అవన్నీ ఎక్కడినుంచో బండ్ల మీదా లారీల మీదా వచ్చినవే గానీ అక్కడ పుట్టినవి కావు. ఇక మాటలంటారా, వాటికి మాత్రం మా ఇంట్లో కరువు లేదు. మధ్యాహ్నం పూట అమ్మా, పిన్నీ, చుట్టుపక్కల ఆడవాళ్ళూ అరుగు మీద చేరి లేసు అల్లుకునేవారు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోళ్ళు వాటి పని అవి. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి కోడలు ఏమందో, ఏ సంబంధం ఎందుకు తప్పిపోయిందో అన్నీ అక్కడే తేలేవి. నేను ఆ కబుర్ల మధ్య పెరిగాను.

అలాంటి నన్ను మాట్లాడని మనిషికిచ్చి చేశారు.

మావారు ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు. కొవ్వూరులో ఉద్యోగం. ఒక డాబా ఇంట్లో కింద వాటా అద్దెకి తీసుకుని ఆయనా అత్తగారూ ఉండేవారు. మామగారు లేరు. మావారు ఇంటర్ చదివే రోజుల్లోనే పోయారట. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆ ఇంట్లో నాకు గడియారం చప్పుడు వినపడేది. అంత నిశ్శబ్దం. మావారు చెడ్డవారు కాదు, కోపిష్టి అసలే కాదు. పొద్దున్నే "కాఫీ ఉందా?" అనేవారు. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తా" అనేవారు. రాత్రి కంచం ముందు "బావుంది" అనేవారు. అంతే. మిగతా సమయమంతా ఏదో పుస్తకం, లేకపోతే కిటికీ గూట్లో పేర్చుకున్న రాళ్ళు.

అవును, రాళ్ళు. ఉద్యోగం మీద ఎక్కడెక్కడో తిరిగినప్పుడు ఏరి తెచ్చుకున్నవి. నల్లవి, గీతలున్నవి, ఎండలో మెరిసేవి. అత్తగారు వాటిలో గుండ్రటి రాయిని ఒకదాన్ని తీసుకెళ్ళి ఆవకాయ జాడీ మూత కదలకుండా బరువు పెట్టుకున్నారు. మావారు దాన్ని మళ్ళీ తెచ్చి గూట్లో పెట్టేవారు. మర్నాడు అది మళ్ళీ జాడీ మీద ఉండేది. ఈ సంగతి మీద తల్లీకొడుకుల మధ్య ఒక్క మాట కూడా నడవకపోవడం నాకు విడ్డూరంగా ఉండేది. మా ఇంట్లో అయితే దాని మీద వారం రోజులు మాట్లాడుకునేవాళ్ళం.

అత్తగారు కూడా నాతో తక్కువే మాట్లాడేవారు. "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి చూడు," "అమ్మాయ్, తలుపు దగ్గరకి వెయ్యి," ఇలాంటివే. ఆవిడకి నేనంటే ఇష్టం లేదేమోనని కొన్నాళ్ళు దిగులు పెట్టుకున్నాను. అమ్మకి ఫోన్ చేసినప్పుడు మాత్రం అంతా బావుందనే చెప్పేదాన్ని.

ఆ ఏడాది కార్తీకమాసంలో ఓ రోజు అన్నాలు తినేటప్పుడు అత్తగారు, "ఒరేయ్, ఆదివారం పట్టిసం వెళ్దామా? కోడలు కూడా స్వామిని చూడలేదు," అన్నారు.

మావారు తల ఊపారు. "అటునుంచటు ఇంకో చోటు కూడా చూసొద్దామమ్మా. పోలవరం దాటాక లోపలికి ఉంటాయి. రాకాసి గుళ్ళంటారు," అన్నారు.

"గుళ్ళా? అక్కడ ఏ దేవుడురా?"

"వెళ్ళాక చూద్దువుగాని," అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయారు.

రాక్షసులు కట్టిన శివాలయాలు అయివుంటాయని అత్తగారు తీర్మానించుకున్నారు. రావణుడు మాత్రం శివభక్తుడు కాదా అని నాతో అన్నారు. శనివారం సాయంత్రమే పూజ బుట్టలో ఇంకో కొబ్బరికాయ, ఇంకో కర్పూరం పొట్లం వేరేగా సర్దారు. ఎలాగూ కార్తీకం, అడవి పక్కనే కాబట్టి వనభోజనం కూడా అక్కడే కానిద్దామన్నారు. తెల్లవారకుండానే లేచి ఇద్దరం పులిహోర కలిపాం. కంద బచ్చలి కూర, పూర్ణాలు, దద్దోజనం. స్టీలు కేరేజీ గిన్నెలన్నీ నిండిపోయాయి.

అద్దెకి మాట్లాడిన జీపు వచ్చింది. డ్రైవరు మావారికి తెలిసినవాడే. పొడుగునా గోదావరి పక్కనే దారి. పట్టిసం రేవులో పడవెక్కి, ఇసుకలో నడిచి, నదిలో స్నానాలు చేసి, వీరభద్రస్వామి దర్శనం చేసుకున్నాం. జనం బాగా ఉన్నారు. అత్తగారూ నేనూ అరటి దొప్పలో దీపాలు వెలిగించి నీళ్ళల్లో వదిలాం. నాది కొంచెం దూరం పోయి పక్కకి తిరిగింది. "పోతుందిలే, చూడకు," అన్నారు అత్తగారు. ఆవిడ ముఖం ఆ పూట చాలా ప్రశాంతంగా ఉంది.

పోలవరం దాటాక దారి మారిపోయింది. గోదావరి వెనకపడింది. ఎర్రమట్టి, జీడిమామిడి తోటలు, అక్కడక్కడ పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే బేరన్ కొట్లు. దూరంగా కొండలు ఒకదాని వెనక ఒకటి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. మావారు ముందు సీట్లో డ్రైవరుకి దారి చెప్తున్నారు. ఒకచోట వాగు అడ్డం వచ్చింది. నీళ్ళు మోకాలి లోతే గానీ అడుగున బురద ఉందని, జీపు దిగబడుతుందని డ్రైవరు ఆపేశాడు.

"ఇక్కడినుంచి దగ్గరేనమ్మా, నడుద్దాం," అన్నారు మావారు.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అయినా దేవుడి పని కదా అని చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పూజ బుట్ట ఎవరికీ ఇవ్వకుండా తనే పట్టుకుని వాగు దాటారు. కేరేజీ మావారు, మంచినీళ్ళ బిందె నేను. డ్రైవరు జీపు దగ్గరే ఉండిపోయాడు. తోటల మధ్య కాలిబాట పట్టుకుని కాస్త మెరక ఎక్కి అవతలికి చూసేసరికి రాళ్ళు కనిపించాయి.

అప్పటిదాకా నేను అలాంటిది చూడలేదు. గడ్డి నేల మీద వరసలు వరసలుగా రాళ్ళు నిలబడి ఉన్నాయి. పడుకున్నవి కాదు, నిలబెట్టినవి. కొన్ని మనిషెత్తు, కొన్ని కూర్చున్న మనిషంత. ఒకటి మాత్రం మావారు చెయ్యి పైకెత్తినా కొస అందనంత పొడుగు. కొన్ని పక్కకి ఒరిగాయి, కొన్ని పడిపోయి తుప్పల్లో కలిసిపోయాయి. వరసల పక్కన రెండు మూడు చోట్ల బండపలకలు నిలువుగా పాతి, పైన ఇంకో పలక కప్పిన గూళ్ళు ఉన్నాయి. పక్షి అరుపులు తప్ప ఏ అలికిడీ లేదు. ఆ రాళ్ళు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నాకు అనిపించింది.

అత్తగారు చుట్టూ చూశారు. "ఏరా, గుళ్ళేవి?"

"ఇవేనమ్మా."

"ఇవి రాళ్ళు కదరా."

"రాళ్ళేనమ్మా. జనం గుళ్ళంటారు."

"మరి దేవుడు?"

మావారికి అబద్ధం చెప్పడం రాదు. కాస్త సర్ది చెప్పడం కూడా రాదు. "దేవుడు లేడమ్మా. ఇవి సమాధులు. వేల ఏళ్ళ కిందటివి," అన్నారు.

అత్తగారు ఒక్క అడుగు వెనక్కి వేశారు. పూజ బుట్టని గుండెలకి హత్తుకున్నారు. "కార్తీకమాసంలో గోదాట్లో మునిగి, స్వామి దర్శనం చేసుకుని వస్తుంటే తిన్నగా తెచ్చి శ్మశానంలో నిలబెట్టావు కదరా! పక్కన కొత్త కోడలుంది. మెళ్ళో పసుపుతాడు పచ్చి ఆరలేదు. బుద్ధుందా నీకు?"

"అమ్మా, ఎప్పటివో ఇవి..."

"ఎప్పటివైతే ఏంటి? చచ్చినవాళ్ళు చచ్చినవాళ్ళే. ఇక్కడ మంచినీళ్ళు కూడా ముట్టను నేను." ఆవిడ గబగబా నడుచుకుంటూ పోయి, దూరంగా ఒక జీడిమామిడి చెట్టు కింద మా వైపు వీపు పెట్టి కూర్చున్నారు. ఆవిడ అన్ని మాటలు ఒకేసారి అనడం నేను అప్పుడే వినడం.

ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అత్తగారి దగ్గరికి వెళ్ళి కూర్చోవడం ధర్మం. నాకూ భయంగానే ఉంది. కానీ మావారి వైపు చూసేసరికి కాళ్ళు కదల్లేదు. ఆయన ఆ పొడుగు రాయి మీద అరచెయ్యి ఆనించి తలొంచుకుని నిలబడ్డారు. ఇన్నాళ్ళకి ఆయన తనకిష్టమైనదాన్ని ఎవరికైనా చూపిద్దామనుకున్నారు. అది కాస్తా ఇలా అయింది. కేరేజీ ఇంకా రెండో చేతిలోనే ఉంది, కింద పెట్టాలని కూడా తోచలేదు.

నేను వెళ్ళి ఆ కేరేజీ అందుకున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "వీటిని ఎవరు పెట్టారండీ?" అన్నాను.

ఆయన తల ఎత్తారు. "ఎవరో తెలీదు."

"తెలీకుండా ఎలా?"

"రాత రాకముందు మనుషులు. పేర్లు లేవు, శాసనాలు లేవు. ఇనుము చేసుకోవడం వచ్చు వాళ్ళకి, కుండలు చేసుకునేవాళ్ళు. పోయినవాళ్ళతో పాటు కుండలూ కత్తులూ లోపల పెట్టేవారు. అంతవరకే తెలుసు." చెయ్యి చాపి, "అదిగో, ఆ కొండ చూశావా? ఈ రాళ్ళు అక్కడివి. రంగు చూడు, అదే రంగు," అన్నారు.

ఆ కొండ అంత దగ్గర్లో ఏం లేదు. "అక్కడినుంచి ఎలా తెచ్చారండీ ఇంత బరువు?"

ఇంక ఆయన ఆగలేదు. దుంగల మీద పెట్టి దొర్లించి ఉంటారన్నారు. నేల మీద కూర్చుని పుల్లతో బొమ్మ గీసి చూపించారు. ముందు గొయ్యి తవ్వుతారు, ఒక పక్క ఏటవాలుగా ఉంచుతారు, రాయి అడుగుభాగం ఆ వాలులోకి జారేలా చేస్తారు, ఆ తర్వాత తాళ్ళు కట్టి అందరూ కలిసి పైకి లాగుతారు, నిలబడగానే గొయ్యి పూడ్చేస్తారు. ఆ చెప్పేటప్పుడు ఆయన చేతులు కూడా రాయిని ఎత్తుతున్నట్టే ఉన్నాయి. నాతో ఇన్నాళ్ళుగా కాపురం చేస్తున్నది ఈయనేనా అనిపించింది.

"అయితే పాట పాడుండాలి," అన్నాను నేను.

"పాటా?"

"మరి అందరూ ఒక్కసారి లాగాలిగా. మా వైపు సముద్రంలో వల లాగేటప్పుడు పాట పాడతారండీ. పాట లేకపోతే ఒకళ్ళు ముందు లాగుతారు, ఒకళ్ళు వెనక లాగుతారు. వల కదలదు."

ఆయన నా వైపే చూశారు. మళ్ళీ రాయి వైపు చూశారు. "అవును కదా," అన్నారు. "పాడే ఉంటారు. నాకు ఎప్పుడూ తట్టలేదు."

నా మాటకి అంత విలువ వచ్చినందుకు నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. ఆయన భుజానికున్న సంచిలోంచి కొలిచే టేపు తీశారు. "కొస పట్టుకుంటావా?" అని అడిగారు. నేను టేపు కొస పట్టుకుని ఒక రాయి దగ్గర నిలబడ్డాను. ఆయన తర్వాతి రాయి దాకా నడిచి, కొలిచి, మళ్ళీ తర్వాతి రాయి దగ్గరికి. కొన్నిచోట్ల వంగి తుప్పలు పక్కకి నెట్టాల్సి వచ్చింది. నా చీర అంచుకి పల్లేరుకాయలు అంటుకున్నాయి. వరసల మధ్య దూరం దాదాపు ఒకేలా ఉందని ఆయన సంబరపడ్డారు. నేను రాళ్ళకి అలవాటు పడ్డాను. ఎండ తగిలిన వైపు వెచ్చగా, నీడవైపు చల్లగా ఉన్నాయి. భయం ఎప్పుడు పోయిందో తెలీలేదు.

అంతలో, "ఎవరది? ఏం కొలుస్తున్నారు?" అని గట్టిగా కేక వినపడింది.

తోటలోంచి ఒకావిడ వస్తోంది. నెత్తి మీద కట్టెలమోపు. నడివయసు దాటిన మనిషి. దగ్గరికి వచ్చి మోపు కింద పడేసి, టేపు వైపు చూస్తూ, "ఎవరు పంపారు మిమ్మల్ని? ప్రాజెక్టోళ్ళా? ఫారెస్టోళ్ళా?" అంది.

పోలవరంలో ఆనకట్ట కడతారని, ఊళ్ళు లేపుతారని ఆ వైపు ఎప్పట్నుంచో మాట నలుగుతూనే ఉంది. ఎవరైనా టేపు పట్టుకుని కనిపిస్తే వాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది. మావారికి ఆ సంగతి తెలుసు. "కాదండీ... అంటే, నా ఉద్యోగం ఇరిగేషన్‌లోనే గానీ..." అని నీళ్ళు నమిలారు.

ఆవిడ ముఖం ఇంకా బిగుసుకుంది. "ఇరిగేషనంటే ప్రాజెక్టే కదా."

నేను ఏదో అనబోయేలోపే వెనకనుంచి అత్తగారి గొంతు. "కాదమ్మా, కాదు!" మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో, శ్మశానం అన్న మాట ఏమయిందో, ఆవిడ రాళ్ళ మధ్యనుంచే వడివడిగా వచ్చేశారు. "ఎవరూ పంపలేదమ్మా. వీడు మా అబ్బాయి. వీడికి చిన్నప్పట్నుంచీ రాళ్ళంటే పిచ్చి. ఇంట్లో కిటికీ నిండా రాళ్ళే. ఇది మా కోడలు, కావాలంటే దీన్నడుగు. రోజూ వాటికి దుమ్ము దులిపేది ఇదే. పట్టిసం వచ్చాం, ఇటు తీసుకొచ్చాడు. నువ్వు ఆ టేపు లోపల పెట్టరా ముందు!"

మావారు టేపు చుట్టేశారు. కట్టెలావిడ మా అత్తగారి బొట్టు లేని నుదురు, తడిజుట్టు ముడి, చేతిలో పూజ బుట్ట చూసింది. నన్నూ నా చీరకి అంటుకున్న పల్లేరుకాయల్నీ చూసింది. ముఖంలో బిగువు సడలింది. "ఆదివారం పూట రాళ్ళు చూడ్డానికి వచ్చారా!" అని నవ్వింది.

"అదేనమ్మా నేనూ అంటున్నది," అన్నారు అత్తగారు.

నేను మంచినీళ్ళు ఇచ్చాను. ఆవిడ తాగి, మోపు మీదే కూర్చుంది. పక్కనే ఉన్న కోయగూడెం వాళ్ళది. కాసేపు మా ఊరేది, పిల్లలెంతమంది అని అడిగింది. తర్వాత వరస చివరికి చెయ్యి చూపించి, "అదిగో, ఆ చిన్నరాయి మా అత్తది," అంది.

పాత వరస అయిపోయిన చోట, కొంచెం ఎడంగా కొన్ని చిన్నరాళ్ళు ఉన్నాయి. నేను వాటిని గమనించలేదు. కోయవాళ్ళు పోయినవాళ్ళ పేరున రాయి నిలబెడతారని, వేరే గూడెంలో ఒకసారి ఆ తంతు చూశానని మావారు నాతో మెల్లగా అన్నారు.

అత్తగారు ఆ వైపే చూస్తున్నారు. "మీ అత్తదా?"

"ఆఁ. పోయినేడు పోయింది. రాయి పెట్టి, ఊరందరికీ భోజనం పెట్టాం. అప్పుడప్పుడు ఇలా వచ్చినప్పుడు తెచ్చుకున్న బువ్వ ఆమెకి కాస్త పెట్టి, ఇక్కడే తినేసి పోతా."

"ఇక్కడ తింటావా? భయమెయ్యదూ?"

"మా అత్తేగా, భయమెందుకు?" అని, ఆవిడ నా వైపు చూసి కన్ను గీటింది. "బతికున్నప్పుడే భయపడేదాన్ని!"

అత్తగారు పకపకా నవ్వారు. ఆవిడకి అలాంటి నవ్వు ఉందని నాకప్పటిదాకా తెలీదు. నేనూ నవ్వేశాను, నవ్వాక తప్పేమోనని నాలిక కరుచుకున్నాను. అది చూసి వాళ్ళిద్దరూ ఇంకా నవ్వారు.

"మరి ఈ పెద్దరాళ్ళు కూడా మీవాళ్ళవేనా?" అని మావారు అడిగారు.

"మావి కాదు. మా తాతల నాటికే ఉన్నాయి. ఎవరివో ఎవరికి తెలుసు? కానీ వీళ్ళ పక్కన పెడితే మావాళ్ళకి తోడుగా ఉంటారని ఇక్కడ పెడతాం."

అత్తగారు ఆ చివరి రాళ్ళ దాకా నడిచి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఆ చిన్నరాయి మొదట్లో మట్టి ఇంకా కొత్తగానే ఉంది. ఆవిడ దాన్ని చూస్తూ, నా వైపు తిరగకుండానే మాట్లాడారు.

"మీ మామగార్ని మా ఊళ్ళో గోదారి గట్టు కింద కాల్చారమ్మాయ్. ఆ ఏడు వరద పెద్దదొచ్చింది. ఆ పక్కంతా కోసుకుపోయింది. ఇప్పుడక్కడ నీళ్ళే. వీడు ఎండాకాలం సెలవుల్లో ఎన్నిసార్లు వెళ్ళి వెతికాడో. ఇక్కడ కదమ్మా, ఇక్కడే కదా అని నన్ను అడిగేవాడు. నేనేం చెప్పను? నాకు మాత్రం ఎక్కడని తెలుసు?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అప్పటిదాకా నేను ఆవిడని కాళ్ళకి దణ్ణం పెట్టినప్పుడు తప్ప ముట్టుకోలేదు. ఆవిడ చెయ్యి తీసేసుకోలేదు.

కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, "ఏమ్మా, మీ అత్తకి కొబ్బరికాయ కొట్టొచ్చా?" అని ఆ కోయావిడని కేకేసి అడిగారు.

"కొట్టండమ్మా. మా అత్తకి కొబ్బరంటే ఇష్టమే."

రాకాసి గుళ్ళ దేవుడి కోసం తెచ్చిన కాయ అది. అత్తగారు కర్పూరం వెలిగించి, కాయ కొట్టి, ఒక చెక్క ఆ రాయి దగ్గర పెట్టారు. ఆ తర్వాత నుంచున్నచోటే గోదావరి ఉన్న తూర్పు వైపుకి తిరిగి, కళ్ళు మూసుకుని, మామగారి పేరూ, ఆయన తండ్రి పేరూ, తాత పేరూ పెదాల్లో అనుకున్నారు. మావారు ఎప్పుడొచ్చారో మా వెనక నిలబడి ఉన్నారు. 

"సరే, ఆకలేస్తోంది. ఉసిరిచెట్టు ఉందా ఈ దగ్గర్లో?" అన్నారు అత్తగారు.

నేను ఆశ్చర్యపోయి, "ఇక్కడే తిందామా అత్తయ్యగారూ?" అన్నాను.

"తద్దినం పెట్టిన రోజు మనింట్లో మనం తినమా? పెద్దవాళ్ళున్న చోట తింటే దోషమేముంది?" అని ఆవిడే చెప్పేశారు. ఎవరూ ఎదురు చెప్పకపోయినా ఆ మాట రెండుసార్లు అన్నారు.

ఉసిరిచెట్టు ఉంది. రాళ్ళకి కొంచెం ఎగువన, గుత్తులు గుత్తులుగా కాయలతో. మావారు వాగు దాకా వెళ్ళి డ్రైవర్ని కూడా పిలుచుకొచ్చారు. తెచ్చుకున్న విస్తరాకులు పరిచాం. అత్తగారు ఆ కోయావిడని కూర్చోబెట్టి తనే వడ్డించారు. ఆవిడ మొహమాటపడుతుంటే, "మీ అత్తకి పెట్టిన చేత్తో నీకు పెట్టనా?" అన్నారు. పులిహోర బావుందని ఆవిడ మళ్ళీ పెట్టించుకుంది. కంద బచ్చలి మాత్రం నాలిక దురదేస్తోందని పక్కకి తోసేసింది. దాంతో కంద ఎలా ఉడకబెట్టాలో, చింతపండు ఎంత వెయ్యాలో అత్తగారు పాఠం మొదలుపెట్టారు. మావారు డ్రైవరుకి రాళ్ళని ఎలా నిలబెట్టారో చెప్తున్నారు. "లాగేటప్పుడు పాట పాడేవారు," అన్నారు. అది ఎవరు చెప్పారో అనలేదు గానీ, అంటూ నా వైపు చూశారు.

అత్తగారు నా విస్తట్లో పూర్ణం వేస్తూ వంగి, "వాళ్ళ నాన్న పోయాక వీడు ఇంత మాట్లాడగా ఇదే వినడం," అని నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

బయల్దేరేటప్పుడు కోయావిడ ఉసిరికాయలు కోసి నా కొంగులో పోసింది. వచ్చేదారిలో అత్తగారు జీపులో నా భుజానికి ఆనుకుని నిద్రపోయారు. సాయంత్రపు ఎండ గోదావరి మీద పడి మెరుస్తోంది. మావారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఇలాంటి చోట్లు ఇంకా ఎక్కడెక్కడున్నాయో చెప్తూనే ఉన్నారు. అత్తగారు లేస్తారని నేను వేలు పెదాల మీద పెట్టి చూపిస్తే, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టారు.

ఇంటికి రాగానే అత్తగారు గుమ్మం తొక్కకుండానే, నూతి దగ్గర రెండు బిందెలు నెత్తిన పోసుకున్నాకే లోపలికొచ్చారు. నాచేత, మావారి చేత కూడా పోయించారు. "పెద్దవాళ్ళున్న చోటన్నావు కదమ్మా," అని మావారు అంటే, "అది అదే, ఇది ఇదే. ఎందుకైనా మంచిది, పోసుకో," అన్నారు.

ఆ తర్వాత ఇంట్లో గడియారం చప్పుడు వినపడటం మానేసిందని చెప్పను. మావారు ఒక్కరోజులో వాగుడుకాయ అయిపోలేదు. కానీ సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చాక డాబా మెట్ల మీద కూర్చుని నేను అడిగినదానికి జవాబు చెప్పేవారు, నేను అడగనిది కూడా కొంత చెప్పేవారు. నేను మా ఊరి కబుర్లు చెప్పేదాన్ని. లేసు అల్లే ఆడవాళ్ళలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆయనకి వరసలన్నీ వచ్చేశాయి. అత్తగారు వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పేవారు. అవి నేను ఆయనకి చెప్తే, "అమ్మ అన్నీ పెంచి చెప్తుంది," అనేవారు.

మరుసటి ఏడు కార్తీకానికి నాకు నెలలు నిండుతున్నాయి. ప్రయాణం వద్దన్నారు పెద్దవాళ్ళు. అత్తగారు మా వీధి ఆడవాళ్ళని పోగుచేసి, వ్యాను మాట్లాడించి, పట్టిసం మీదుగా రాకాసి గుళ్ళకి తనే తీసుకెళ్ళారు. మావారిని దారి చూపించడానికి వెంటబెట్టుకున్నారు. నాకు తోడుగా అమ్మ నరసాపురం నుంచి వచ్చింది.

సాయంత్రం వాళ్ళొచ్చేసరికి ఇంట్లో సందడే సందడి. కోయావిడ కనిపించిందట, నా గురించి అడిగిందట, మగపిల్లాడే అని చెప్పి పంపిందట. పుట్టింది ఆడపిల్ల, అది వేరే సంగతి. వీధి వాళ్ళలో ఒకావిడ రాయికి ఆనుకుని కునుకు తీసిందట. మావారు అందరికీ రాళ్ళ గురించి చెప్పారట, వాళ్ళు ఆయన్ని "మాస్టారూ" అని పిలిచారట. అత్తగారు నాకూ అమ్మకీ ఇదంతా చెప్పి చెప్పి అలిసిపోయి, కాళ్ళకి నూనె రాసుకోవడానికి లోపలికెళ్ళారు.

మావారు వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నారు. ఎండకి ముఖం ఎర్రబడింది. చొక్కా నిండా దుమ్ము. ఎలా జరిగిందండీ అని అడిగాను. అంతా విన్నావుగా అన్నారు గానీ, మళ్ళీ వాగు దగ్గరనుంచీ మొదలుపెట్టి చెప్పసాగారు. నేను బియ్యం ఏరుతున్న చేటలోంచి తలెత్తకుండా, మధ్యమధ్య ఊఁ కొడుతూ వింటూ కూర్చున్నాను.